ఎలుకలు, తరుగు, అమ్మోరి సంబరం: పంచశీల తీసుకున్న ఒక కొట్టు యజమానికి

ప్రశ్న: నమో బుద్ధాయ. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఒక ఊరు. శాలిహుండం కొండ దగ్గరే, వీలైనప్పుడు ఎక్కుతుంటాను. కిరాణా కొట్టు, ఎకరంన్నర వరి మడి మా ఆధారం. మొన్న బుద్ధ పూర్ణిమకి ఒక భంతే (బౌద్ధ భిక్షువు) దగ్గర పంచశీల తీసుకున్నాను. నెల తిరక్కుండానే అన్నీ తప్పుతున్నట్టు అనిపిస్తోంది. కొట్లో ఎలుకలు బియ్యం బస్తాలు కొరికేస్తున్నాయి. మందు పెట్టనంటే మా ఆవిడ "ఎలకల్ని పెంచుతావేటి?" అంటోంది. మడికి పురుగుమందు కొట్టకపోతే పంట దక్కదు. బెల్లం, చింతపండు తరుగు పోతాయని తూకంలో కొంచెం తగ్గించడం మా నాన్న నాటి నుంచీ ఉంది. కోటా బియ్యం కొనమని రోజూ ఎవరో ఒకరు తెస్తారు. పెళ్ళిళ్ళలో మా బావమరిది గ్లాసు చేతిలో పెట్టందే ఊరుకోడు. అన్నిటికన్నా పెద్ద సమస్య: మా బాబుకి జ్వరం వచ్చినప్పుడు అమ్మ అమ్మోరికి మేకపోతును మొక్కింది. వచ్చే సంబరానికి తీర్చాలి. "మొక్కు తీర్చకపోతే అమ్మోరు ఊరుకుంటాదేటి?" అని ఏడుస్తోంది. ఇన్ని తప్పాక మళ్ళీ భంతే దగ్గరికి వెళ్ళి మొదటినుంచీ తీసుకోవాలా? అసలు కొట్టు నడుపుకునేవాడికి ఇది కుదిరే పనేనా?
(పేరు రాయవద్దన్నారు.)

జవాబు: కుదిరే పనే. బుద్ధుడి దగ్గర శీలం తీసుకున్న గృహస్థుల్లో వర్తకులు చాలామంది. జేతవనం కొని విహారం కట్టించిన అనాథపిండికుడు పెద్ద వ్యాపారి.

ముందు మీ చివరి భయం సంగతి చూద్దాం. ఐదు శీలాలు (ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, వ్యభిచరించకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తు పుచ్చుకోకపోవడం) ఐదు వేర్వేరు సంకల్పాలు. తేరవాద సంప్రదాయంలో శీలం అడిగేటప్పుడే "విసుం విసుం రక్ఖణత్థాయ", అంటే వేటికవి విడిగా కాపాడుకోవడానికి, అని అడిగే పద్ధతి ఉంది. అలా తీసుకుంటే ఒకటి తప్పినా మిగతా నాలుగు నిలిచే ఉంటాయి. తప్పినదాన్ని ఆ సాయంత్రమే, భంతే దగ్గర లేకపోయినా, మీ అంతట మీరు వాక్యం చెప్పుకుని మళ్ళీ తీసుకోవచ్చు. పాళీ నోరు తిరక్కపోతే తెలుగులో చెప్పుకోండి: "ప్రాణం తీయడం మానుకునే శిక్షణను స్వీకరిస్తున్నాను." అంతే. దీనికి ప్రయాణం అక్కర్లేదు, దక్షిణ అక్కర్లేదు.

రెండోది, నిజంగా తప్పిందా లేదా తేల్చుకోవడం. దీనికి అట్ఠకథల్లో, అంటే పాళీ గ్రంథాల పాత వ్యాఖ్యానాల్లో, స్పష్టమైన లెక్క ఉంది. ప్రాణిహింసకు ఐదు అంగాలు: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని మీకు తెలియాలి, చంపాలన్న ఉద్దేశం ఉండాలి, అందుకు ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నం వల్ల అది చావాలి. ఐదూ కలిస్తేనే శీలభంగం. బస్తా దించినప్పుడు కింద చీమలు నలిగితే మూడో అంగం లేదు. దమ్ము చేస్తుంటే నాగలి కింద పురుగు పోయినా అంతే. భిక్షువులకు నేల తవ్వడం నిషేధం గానీ గృహస్థులకు సేద్యం ఎక్కడా నిషేధించలేదు. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలని బుద్ధుడు ఐదింటిని చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. వాటిలో వ్యవసాయం లేదు. అబద్ధానికి నాలుగు అంగాలు: విషయం నిజం కాకపోవడం, మోసపుచ్చాలన్న ఉద్దేశం, ఆ ప్రయత్నం, ఎదుటివాడికి అది అర్థం కావడం. ధర పొరపాటున తప్పు చెబితే సరిదిద్దాలి గానీ అది అబద్ధం కిందికి రాదు. ఈ లెక్క తెలియక చాలామంది చీమ చచ్చినందుకు బాధపడతారు, తూకంలో తగ్గినదాన్ని మాత్రం పట్టించుకోరు.

మీ ఉత్తరం చదివితే మాకు కనిపించిన అసలు సంగతి వేరే ఉంది. మీరు శీలాన్ని గొడవ వచ్చిన క్షణంలో పళ్ళు బిగబట్టి కాపాడాలని చూస్తున్నారు. ఎలుక కనబడ్డాక, గ్లాసు చేతికొచ్చాక, అమ్మ ఏడవడం మొదలయ్యాక నిగ్రహించుకోవడం చాలా కష్టం. విరమించడంలో మూడు రకాలు చెప్పారు పెద్దలు: సందర్భం ఎదురైనప్పుడు అప్పటికప్పుడు ఆగడం, ముందే వ్రతం పట్టి ఆగడం, ఆ కోరికే తెగిపోయి ఆగడం. మూడోది ఆర్యులది, అంటే ధర్మాన్ని స్వయంగా దర్శించినవాళ్ళది. మీరు రెండోది పట్టి మొదటిదాంట్లో బతుకుతున్నారు. వ్రతం పట్టినవాడు ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. కింద చెప్పేవన్నీ ఆ ఏర్పాట్లే.

ఎలుకలతో మొదలుపెడదాం. మందు పెట్టి పది ఎలుకల్ని చంపినా తిండి, సందు అలాగే ఉంటే ఫలితం ఉండదు. ఎలుక మూడు వారాల గర్భంతో ఈతకు ఆరేడు పిల్లల్ని పెడుతుంది, ఖాళీ అయిన చోటికి పక్కింటివి కూడా వస్తాయి. చచ్చినవి అటక మీదా గోడ సందులోనూ కుళ్ళి వాసన కొడతాయి, మందు తిన్న ఎలుకను తిన్న పిల్లీ గుడ్లగూబా కూడా పోతాయి. కాబట్టి "మందు వద్దు" అని ఇంట్లో వాదించకండి, ముందు సందులు మూయండి. చిట్టెలుక దూరడానికి పావు అంగుళం, పెద్ద ఎలుకకు అర అంగుళం సందు చాలు. రాత్రి లోపల లైటు వేసి షట్టర్ దించి బయట నుంచి చూడండి, వెలుగు కనబడిన ప్రతిచోటా అవి దూరతాయి. షట్టర్ అడుగున రబ్బరు పట్టీ వేస్తే కొరికేస్తాయి, జీఐ రేకు పట్టీ కొట్టించండి. గోడ కన్నాల్లో పావు అంగుళం కళ్ళ ఇనప జాలీ కుక్కి పైన సిమెంటు పూయించండి. ఉత్త సిమెంటు ఆరకముందే తోడేస్తాయి. మట్టి నేల అయితే పందికొక్కు కింద నుంచి వస్తుంది, గచ్చు చేయించక తప్పదు.

బస్తాలను గోడకు ఆనించి నేల మీద పెట్టకండి. అర అడుగు ఎత్తు చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చండి. ఆ అడుగు ఎడమే ముఖ్యం, అందులోంచి చీపురు వెళ్ళాలి, టార్చి వెలుగు వెళ్ళాలి. ఎలుక గోడవార చీకట్లో నడిచే జంతువు, మరుగు లేని చోట గూడు పెట్టదు. విప్పిన బస్తాలోని బియ్యం మూత ఉన్న రేకు డ్రమ్ములోకి మార్చండి. 200 లీటర్ల డ్రమ్ములో 150 కిలోల దాకా పడుతుంది. కొట్టు కట్టేసే ముందు నేల ఊడ్చి ఆ చెత్త బయట పడేయాలి, పొద్దున్న ఊడ్చుకుందాంలే అంటే రాత్రంతా వాటికి భోజనం పెట్టినట్టే.

లోపల మిగిలిపోయినవాటికి బోను. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం, మొదటి రోజే బిగిస్తే రాదు. రెండు మూడు రాత్రులు బిగించకుండా ఎండుచేప ముక్కో కొబ్బరి ముక్కో పెట్టి గోడవార వదిలేయండి. తినడం అలవాటయ్యాక బిగించండి. తెల్లారగానే చూడాలి. బోనును ఎండలో మరచిపోతే అది లోపలే చస్తుంది, తెలిసి వదిలేశారంటే ఆ భారం మీదే. చేతికి గుడ్డ చుట్టుకునో గ్లవుజు వేసుకునో తీసుకెళ్ళి ఇళ్ళకూ పంట చేలకూ దూరంగా తోటల వైపు వదలండి, వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వానాకాలంలో ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఎవరి చేలోనో వదిలేస్తే మీ నష్టాన్ని వాళ్ళకి అంటగట్టినట్టు. కొత్త చోట వదిలిన ఎలుకలు ఎక్కువ కాలం బతకవన్నది కూడా నిజం. అందుకే బోను చివరి పని, సందులు మూయడం మొదటి పని. జిగురు అట్టలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎలుక రోజుల తరబడి గిలగిల్లాడి చస్తుంది, బల్లులు కూడా అతుక్కుంటాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఉండనివ్వండి. ఎలుకల్ని చంపించడానికే పిల్లిని తెచ్చి పెడితే ఆ ఉద్దేశం పిల్లిది కాదు, మీది. చంపించడం కూడా చంపడంతో సమానమేనని ధమ్మపదంలో స్పష్టంగా ఉంది: తనతో పోల్చి చూసుకుని చంపరాదు, చంపించరాదు.

ముక్కపురుగు సంగతి తేలిక. వేడి రోజుల్లో గుడ్డు నుంచి పురుగు కావడానికి నెల రోజులు పడుతుంది. ఇరవై రోజుల్లో అమ్ముడయ్యేంత సరుకే తెచ్చి, పాతది ముందు అమ్మితే సమస్య సగం పోతుంది. పట్టిన బియ్యాన్ని నీడలో పలచగా ఆరబోస్తే వాటంతటవే పాకి పోతాయి, మిగిలినవి జల్లెడ పట్టి బయట వదలండి. బస్తాల్లో గుళికలు పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే వాయువు మూసిన గదిలో మనుషుల ప్రాణాలు తీస్తుంది. మీ కొట్లో ఎలుకల మందు అమ్ముతుంటే అది విష వ్యాపారం కిందికి వస్తుంది. ఉన్న స్టాకు వెనక్కి ఇచ్చేసి మళ్ళీ తెప్పించకండి. నెలకు దాని మీద మీకు మిగిలేది ఎంతో మీకే తెలుసు.

మడి విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టం. పురుగును చంపాలనే మందు కొడతారు, కాబట్టి అందులో ఐదు అంగాలూ ఉన్నాయి. అలాగని ఎకరంన్నర రైతు ఒక్క సీజనులో అన్నీ మానేయగలడని చెప్పలేం. చేయగలిగింది, మందు కొట్టాల్సిన అవసరం రాకుండా చూడటం. కాండం తొలిచే పురుగు నారు కొనల మీద గుడ్లు పెడుతుంది, కొనలు తుంచి నాటితే ఆ గుడ్ల సముదాయాలు మడిలోకి రావు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ దుబ్బు మొదళ్ళకు తగిలి సుడిదోమ పెరగదు. యూరియా ఒకేసారి కుమ్మరిస్తే ఆకు లేతగా పెరిగి దోమను పిలుస్తుంది, దాన్ని మూడు దఫాలుగా వేయండి. నీళ్ళు ఎప్పుడూ నిలవుంచక మధ్యలో ఆరగట్టండి. సుడిదోమను తట్టుకునే విత్తనం రైతు సేవా కేంద్రంలో (ఇదివరకటి రైతు భరోసా కేంద్రం) అడగండి. ఇవన్నీ చేస్తే పక్కవాడు కొట్టాడని మనం కొట్టే మందులు ముందు పోతాయి. అన్నిటికన్నా ఎక్కువ ప్రాణం తీసేవి అవే, ఎందుకంటే వాటిని పురుగు ఉందో లేదో చూడకుండా కొడతారు. దిగి దుబ్బులు విప్పి చూడకుండా డబ్బా భుజానికెత్తకూడదని నియమం పెట్టుకోండి.

ఇక రెండో శీలం. మీ ఉత్తరంలో దీన్ని మీరు మధ్యలో చిన్నగా రాశారు గానీ, మా ఉద్దేశంలో మీరు ముందు సరిచేయాల్సింది ఇదే. దొంగ తూకం, దొంగ కొలత వదిలేయడం గురించి బుద్ధుడి సూత్రాల్లో పేరుపెట్టి ఉంది: తులాకూటం, మానకూటం. ఎలుకను చంపకుండా ఎంత కష్టపడ్డా, కిలో బెల్లానికి 980 గ్రాములు ఇస్తుంటే రోజూ ముప్పై నలభై మంది దగ్గర వాళ్ళు ఇవ్వనిది తీసుకుంటున్నట్టే.

తరుగు నిజమే. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి గాలి తగిలితే బరువు తగ్గుతాయి, గోనెకు అంటుకుని పోతాయి. ఆ నష్టం భరించమని ఎవరూ అనరు. దాన్ని తూకంలో కాదు, ధరలో వేసుకోండి. లెక్క ఇలా: 50 కిలోల బస్తా 2,000 రూపాయలు పడిందనుకోండి. కిలో కొన్న ధర 40. బస్తా అయ్యేసరికి మీరు నిజంగా అమ్మగలిగింది 49 కిలోలే అయితే 2,000ను 49తో భాగించండి, 40 రూపాయల 82 పైసలు వస్తుంది. మీ లాభం దాని మీద వేసుకుని బోర్డు మీద ఆ ధర రాయండి. కొనేవాడికి ధర కనిపిస్తుంది, నచ్చకపోతే ఇంకో కొట్టుకు వెళ్తాడు. తూకంలో తీస్తే వాడికి ఆ అవకాశం లేదు. తేడా అంతా అక్కడే ఉంది. ప్రతి సరుకుకూ రెండు బస్తాల పాటు తరుగు రాసి చూడండి, ఊహించినదానికన్నా తక్కువే వస్తుంది. నాన్నగారి నాటి అంచనా ఆ నాటి గోనెలకు, ఆ నాటి కాటాకు సంబంధించినది.

ఎలక్ట్రానిక్ కాటా ఉంటే రోజూ కొట్టు తీయగానే ముద్ర ఉన్న కిలో రాయి పెట్టి చూడండి. మట్టం బుడగ మధ్యలో లేకపోయినా, ఫ్యాను గాలి నేరుగా పళ్ళెం మీద పడినా అంకె మారుతుంది. కవరో డబ్బానో పెట్టి టేర్ నొక్కి సున్నా చేశాకే సరుకు పోయండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. కాటా తెర కొనేవాళ్ళ వైపు కూడా ఉండాలి. మీ వైపే ఉంటే చేయి తెలియకుండానే ఆశ పడుతుంది.

చిల్లర బదులు చాక్లెట్ అంటగట్టడం మానేసి, అప్పు పుస్తకంలోనే వాళ్ళ పేరిట జమ రాయండి. అప్పు రాసేటప్పుడు మనిషి ఎదురుగా ఉండగానే రాసి అంకె చదివి వినిపించండి. తేదీ దాటిన ప్యాకెట్లను నెల మొదటి రోజున తీసి విడిగా పెట్టి డీలరుకు తిప్పి పంపండి. ఎవరైనా మరచిపోయిన డబ్బో సంచో ఉంటే తేదీ రాసి ఒక డబ్బాలో పెట్టండి, అడిగినవాళ్ళకు ఇవ్వండి.

కోటా బియ్యం గురించి నిక్కచ్చిగా చెబుతాం: కొనకండి. కార్డుదారు ఇష్టంగానే అమ్ముతున్నాడు కదా, దొంగతనం ఎలా అవుతుందని మీకు అనిపించవచ్చు. ఆ బియ్యం వాళ్ళు వండుకు తినడానికి ఇచ్చినవి, వ్యాపారానికి ఎవరూ ఇవ్వలేదు. చట్టం కూడా ఆ కొనుగోలును ఒప్పుకోదు, పట్టుబడితే నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు, సరుకు జప్తు. మీరు కొనడం మొదలుపెడితే వెనకే అబద్ధం వస్తుంది, తనిఖీ వస్తే దాచాలి, పిల్లాడి చేత "మాకు తెలీదు" అనిపించాలి. అవసరం కోసం తెచ్చిన మనిషి అయితే బియ్యం తీసుకోకుండా నాలుగు రోజులకు పప్పూ నూనె అప్పు ఇవ్వండి. బెల్టు సీసాలు పెట్టమని అడిగేవాళ్ళకూ అదే జవాబు, కాకపోతే అక్కడ ఆలోచించాల్సింది కూడా లేదు. మత్తు వ్యాపారం ఆ ఐదింట్లో నేరుగా ఉంది.

కొట్లో అబద్ధాలు చాలావరకు అలవాటు మాటలు. "కొన్న రేటుకే ఇస్తున్నా" అనకుండా "ఇది నా రేటు" అనండి, మీ లాభం చెప్పాల్సిన పని లేదు. "రేపు వచ్చేస్తుంది" బదులు "చెప్పాను, ఎప్పుడొస్తుందో తెలీదు." కందిపప్పు మంచిదేనా అని అడిగితే "నిరుటిది, ఉడకడానికి టైము పడుతుంది." ఈ మూడు వాక్యాలు నోటికి అలవాటయ్యేదాకా కాగితం మీద రాసి గల్లాపెట్టె మూతకు లోపలి వైపు అంటించుకోండి. డీలరు ఫోను చేస్తే "నాన్న లేడని చెప్పరా" అనడం మీ అబద్ధమే, దాంతోపాటు పిల్లాడికి అది నేర్పినట్టూ అవుతుంది. "పదో తారీకున కడతాను" అని మీరే చెప్పండి, పదికి కుదరకపోతే తొమ్మిదిన ఫోను మీరే చేయండి. అలాగని నిజమైనదల్లా చెప్పాలని కాదు. మాట సమయానికి తగినదై, నిజమై, మృదువుగా, ప్రయోజనకరంగా, మైత్రితో ఉండాలని బుద్ధుడు ఐదు లక్షణాలు చెప్పాడు. కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళు "ఫలానా ఇంటికి నీ దగ్గర ఎంత బాకీ?" అని అడిగితే అంకె చెప్పకండి. అది నిజమే అయినా ఎవరికీ మేలు చేయదు.

మూడో శీలం గురించి మీరేమీ అడగలేదు, ఒక్క మాట మాత్రం చెబుతాం. అప్పు పడ్డ ఇంటి ఆడవాళ్ళు కొట్టుకొచ్చినప్పుడు బాకీని అడ్డం పెట్టుకుని చనువు తీసుకోవడం, రాత్రి పూట ఫోన్లో మెసేజీలు పెట్టడం, ఇవి ఈ శీలం అంచు దాటే చోట్లు. బాకీ గురించి పగటి పూట, పుస్తకం తెరిచి, నలుగురిలోనే మాట్లాడండి.

బావమరిది గ్లాసు విషయం. అయ్యప్ప మాల వేసుకున్నవాడికి మన ఊళ్ళలో ఎవరూ పోయరు, బలవంతం కూడా చేయరు. మాలకు అందరికీ తెలిసిన గుర్తు ఉంది, మీ వ్రతానికి లేదు. అందుకని పెళ్ళి పందిట్లో కాకుండా ముందే, ఆయన ఒంటరిగా, తాగకుండా ఉన్న పొద్దున పూట వెళ్ళి చెప్పండి: "బావా, నేను బుద్ధ పూర్ణిమకి వ్రతం పట్టాను, ఇక తాగను. నలుగురిలో నువ్వే నాకు అడ్డు నిలవాలి." అడ్డు నిలవమని అడిగినప్పుడు మనవాళ్ళు సాధారణంగా నిలుస్తారు. ఫంక్షనుకు వెళ్ళగానే భోజనం చేసేయండి, చేతిలో మజ్జిగ గ్లాసో సోడానో ఉంచుకోండి, సీసాలు విప్పే వేళకు మోటారుసైకిలు తాళం మీ జేబులో ఉండాలి. "ఒక్కటే" అనే బేరం ఈ శీలంలో లేదు. డాక్టరు రాసిన టానిక్కులో కొంచెం ఆల్కహాలు ఉంటే అది వేరు, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం కూడా మందులో రంగూ వాసనా రుచీ తెలియనంత మద్యాన్ని అనుమతించింది.

ఇది చదివేవాళ్ళలో రోజూ తాగేవాళ్ళు ఉంటే ఒక జాగ్రత్త. వ్రతం పట్టాం కదా అని ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించుకుని ఆయన చెప్పినట్టు మానండి.

రాత్రి షట్టర్ దించాక ఐదు నిమిషాలు. బుద్ధుడు కొడుకు రాహులుడికి నేర్పింది ఇదే: పని చేయబోయే ముందు, చేస్తూండగా, చేసేశాక, మూడుసార్లూ అది తనకూ ఎదుటివాళ్ళకూ బాధ తెస్తుందా అని చూసుకోవడం. లెక్కల పుస్తకం వెనక పేజీలో ఒక్క వాక్యం రాయండి: ఏం తప్పింది, దానికి ముందు ఏం జరిగింది, రేపు ఏం మార్చాలి. "చింతపండు తూకం తగ్గించాను, రద్దీలో టేర్ నొక్కలేదు, రేపు డబ్బా బరువు డబ్బా మీదే రాస్తాను." అంతకుమించి తిట్టుకోవడం రాయకండి. చేసినదాన్ని తలుచుకుని కుమిలితే అది చేయనిది అయిపోదని, తప్పని ఒప్పుకుని ఇకమీదట మానడమే దాన్ని దాటే దారి అని ఒక గ్రామపెద్దకు బుద్ధుడు చెప్పాడు.

అమ్మ మొక్కు మిగిలింది. ఇది శీలానికీ తల్లి మనసుకూ మధ్య ఉన్నది కాబట్టి తొందరపడకూడదు. ఆమె భయంతో, మనవడి మీద ప్రేమతో మొక్కింది. "మూఢనమ్మకం" అన్న మాట ఆమె ఎదుట అనకండి. సంబరం వారం ఉందనగా చెబితే అది ఆమెను నలుగురిలో అవమానించినట్టు అవుతుంది. ఇప్పుడే, ఈ నెలలోనే చెప్పండి. "అమ్మా, మొక్కు తీర్చొద్దని అనడం లేదు. ప్రాణం తీయకుండా తీరుద్దాం, నేనే దగ్గరుండి చేస్తాను" అని మొదలుపెట్టండి. కూటదంత సూత్రంలో బుద్ధుడు చెప్పిన యజ్ఞంలో మేకలు, కోళ్ళు, పశువులు చావలేదు. నెయ్యి, నూనె, వెన్న, పెరుగు, తేనె, బెల్లంతోనే అది పూర్తయింది. మన అమ్మవారికి చలిమిడి, పానకం, చీర, పసుపు కుంకుమలు, ఘటం ఎత్తడం ఉండనే ఉన్నాయి. మీరే స్వయంగా ఘటం వెనక నడవండి. గుడి పెద్దతో ముందే మాట్లాడి, మేకపోతు బదులు ఇంత బియ్యం, పప్పు, నూనె అన్నసమారాధనకు ఇస్తామని ఆయన నోటితోనే అమ్మకు చెప్పించండి. ఆమెకు మీ మాటకన్నా ఆ మాట ధైర్యం. మేకపోతును కొని ప్రాణంతో అమ్మవారికి వదిలేద్దామన్న ఆలోచన వస్తే, తర్వాత దాన్ని ఎవరు పెంచుతారో తేలకుండా చేయకండి. అలా వదిలినవి వేలంలో కసాయి చేతికి పోవడం మామూలే.

ఆమె ఒప్పుకోకపోవచ్చు. తన పింఛను డబ్బుతో, తమ్ముడి చేతనో మేనల్లుడి చేతనో చేయించుకుంటానంటే బలవంతంగా ఆపకండి. మీ శీలం మీ చేతికీ, మీ డబ్బుకీ, మీ ఆజ్ఞకీ సంబంధించినది. మీరు కొనకూడదు, తాడు పట్టుకోకూడదు, "కానివ్వండి" అని చెప్పకూడదు. సంబరం చందా ఇవ్వండి, పందిరికో మంచినీళ్ళకో లైట్లకో అని చెప్పి రసీదులో అలాగే రాయించుకోండి. ఆ మాంసం తినడం గురించి కూడా అడుగుతారు. మాంసం తినడమే పంచశీలకు భంగం కాదు. తనకోసం చంపారని చూసినా, విన్నా, అనుమానించినా తినకూడదన్న నియమం భిక్షువులకు చెప్పినది. కానీ మీ కొడుకు పేరున తెగిన మేకపోతు విషయంలో ఆ నియమం మీరూ పాటించడమే మేలు. ఆ రోజు మీ వరకు పప్పూ పులుసూ వండించుకోండి, వచ్చిన చుట్టాలకు వడ్డించడం మాత్రం మానకండి.

ఇచ్ఛాపురం దాటి బరంపురం అవతల, ఒడిశాలోని జౌగడ కొండరాతి మీద అశోకుడి మొదటి శాసనం ఉంది. కళింగ యుద్ధం చేసిన రాజు తన వంటశాల గురించి అందులో చెక్కించాడు: పూర్వం రోజూ లక్షల ప్రాణులు కూరకు చచ్చేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక లేడి, ఆ లేడి కూడా రోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ ఉండవు. అంత అధికారం ఉన్నవాడు కూడా తన వంటింట్లో మొదలుపెట్టి, తగ్గిస్తూ, ఎంత మిగిలిందో దాచకుండా రాయించాడు. అమ్మతో మాట్లాడేముందు మీ ఆవిడతో మాట్లాడండి. షట్టర్ పట్టీ, డ్రమ్ము వచ్చి ఎలుకల బాధ తగ్గిందని ఆమె కళ్ళారా చూశాక అయితే, అమ్మ దగ్గర మీ తరఫున నాలుగు మాటలు ఆమే చెబుతుంది. కాబట్టి ఈ ఆదివారం రేకుల పనివాణ్ణి పిలిపించండి.